వెనక చక్రాల తుప్పు - నేను కొట్టిపారేసిన 780 డాలర్లు

పోయినేడు అక్టోబరులో కారుకి ఆయిలు మార్పించడానికి తీసుకెళ్ళాను. గంటసేపు చల్లారిపోయిన కాఫీ తాగుతూ కూర్చున్నాక, కౌంటరు దగ్గరి కుర్రాడు ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. ఆయిలు ఖర్చు కింద ఇంకో వరుస ఉంది. "వెనక డిస్కులు తుప్పు పట్టాయి. డిస్కులు, ప్యాడ్లు మార్చాలి. 780 డాలర్లు."

నాకు నవ్వొచ్చింది. నలభై డాలర్ల పనికోసం వచ్చినవాణ్ణి ఎనిమిది వందలకి ఎక్కించడం ఇక్కడ మామూలేగా! "ఇప్పుడొద్దులెండి" అని బయటికొచ్చి, వంగి, చక్రం ఊచల సందులోంచి చూశాను. డిస్కు పళ్ళెంలా మెరుస్తోంది. అంచున మాత్రం సన్నగా గోధుమరంగు గీత. ఇదా తుప్పు? ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను, సోమవారం ఆఫీసు కాల్‌లో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. అందరి దగ్గరా ఇలాంటి కథ ఒకటుంది. మెకానిక్కులంతా దొంగలే అని ఏకగ్రీవంగా తీర్మానించేశాం.

అయిదు నెలలు తిరిగేసరికి ఆ తీర్మానం నా నెత్తిమీద పడింది. ఆ ముచ్చటే ఇది. తుప్పు గురించి కొంత, మన తెలివితేటల గురించి కొంత.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. మేముండేది మిచిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. మాకు రెండు కార్లు. అందులో ఇది పాతది, తొమ్మిదేళ్ళది. 2020 వరకూ రోజూ నలభై మైళ్ళు తిరిగేది. ఇంటినుంచి పని మొదలయ్యాక దానికి పని పోయింది. వారానికోసారి కూరగాయలకి, నెలకోసారి గుడికి. మిగతా రోజులన్నీ డ్రైవ్‌వేలో, ఎండకీ వానకీ మంచుకీ అలాగే నిలబడి ఉంటుంది. గరాజ్‌లో కొత్తకారుకి తప్ప చోటు లేదు (మిగతా సగం ఇండియా నుంచి తెచ్చిన అట్టపెట్టెలు, ఎవరూ తొక్కని సైకిళ్ళు).

ఇక్కడ పిల్లలకి 14 ఏళ్ళ 9 నెలలు నిండితే, డ్రైవింగు క్లాసు మొదటిభాగం పూర్తయ్యాక, పెద్దవాళ్ళు పక్కన కూర్చునే షరతుమీద మొదటి లైసెన్సు ఇస్తారు. మా అమ్మాయికి ఈ చలికాలంలో అది వచ్చింది. నేర్పడానికి ఏ కారు? పాతదే. గీతలు పడినా బాధలేదు కదా! ఇదీ మా లెక్క. ఇంట్లో అందరికన్నా తక్కువ అనుభవం ఉన్న మనిషికి, అందరికన్నా తక్కువ శ్రద్ధ పొందిన కారు. ఇప్పుడు ఆలోచిస్తుంటే ఈ లెక్క ఎంత తలకిందులుగా ఉందో తెలుస్తోంది కానీ, అప్పుడు తట్టలేదు.

మార్చిలో రెండోవారం స్కూలు పార్కింగ్ లాటులో దాన్ని గుండ్రంగా తిప్పిస్తున్నాను. "నాన్నా, వెనకాల ఎవరో గీకుతున్నట్టు చప్పుడొస్తోంది" అంది. "తుప్పేలేమ్మా, నాలుగు బ్రేకులు వేస్తే అదే పోతుంది" అన్నాను, చాలా తెలిసినవాడిలా. నాలుగు కాదు, నలభై వేసింది. పోలేదు. నేనేం చేశానో నిజం చెప్పాలంటే, రేడియో కాస్త పెంచాను.

ఆ రాత్రి బందరునుంచి బాబాయి ఫోను చేశాడు. ఆయన ముప్పయ్యేళ్ళు ఆర్టీసీ గరాజ్‌లో చేసి రిటైరయ్యాడు. మాటల్లో ఈ సంగతి వచ్చింది.

"చక్రం ఊడదీసి చూశావురా?"

"ఊడదీయలేదు గానీ చూశాను బాబాయ్. డిస్కు శుభ్రంగా మెరుస్తోంది."

"ఏ వైపు?"

"ఏ వైపేంటి?"

"డిస్కుకి రెండు మొహాలుంటాయిరా. నీకు కనబడేది ఒకటే. రెండోది లోపలికి, కారు కిందకి తిరిగి ఉంటుంది. దాన్ని చూశావా?"

చూడలేదు. నాకు రెండో మొహం ఉంటుందన్న ఆలోచనే రాలేదు. పదిహేడేళ్ళుగా ఇతరుల ప్రోగ్రాముల్లో "ఇది పరీక్షించావా, అది పరీక్షించావా" అని తప్పులు పట్టడమే నా ఉద్యోగం. అలాంటివాణ్ణి, సగం మాత్రమే చూసి సర్టిఫికేట్ ఇచ్చేశాను.

ఆదివారం చక్రం విప్పాను. ఎడమ వెనక చక్రం. బయటి మొహం మెరుస్తూనే ఉంది. తల వంచి లోపలి మొహం చూస్తే... పాడుబడ్డ బావిమీద ఇనపమూతలా ఉంది. పెచ్చులు పెచ్చులుగా తుప్పు, వేలితో తడిమితే గుంటలు. మధ్యలో వేలెడు వెడల్పున ఒక పట్టీ మాత్రమే నున్నగా ఉంది. అంటే లోపలి ప్యాడు ఆ వేలెడు మేరే రాసుకుంటోంది. ప్యాడుని బయటికి తీద్దామంటే రాలేదు. బ్రాకెట్‌లో తుప్పుతో బిగుసుకుపోయింది. సుత్తితో కొట్టి తీయాల్సొచ్చింది. బయటి ప్యాడు ఒక్కటే మొత్తం పనిచేసి చేసి, రెండు మిల్లీమీటర్లకి అరిగిపోయింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

అంటే ఆ చక్రానికి బ్రేకు సుమారు సగమే పనిచేస్తోంది. ఆ కారులో మా అమ్మాయిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, చప్పుడు వినపడకుండా రేడియో పెంచిన ఘనుణ్ణి నేను. నేను దొంగ అనుకున్న కుర్రాడు నిజమే చెప్పాడు.

అసలు తుప్పు ఎందుకు, వెనకే ఎందుకు

సరే, తిట్టుకోవడం అయింది, విషయంలోకి వద్దాం. కార్ల బ్రేకు డిస్కులు (అమెరికాలో రోటర్లంటారు) పోత ఇనుముతో చేస్తారు. అందులో కార్బను మూడు నాలుగు శాతం ఉంటుంది, సన్నని గ్రాఫైటు రేకుల రూపంలో. వేడిని తొందరగా పంచుకుంటుంది, అదురునీ కూతనీ మింగుతుంది, చవక. ఒకటే లోపం, నీళ్ళు తగిలితే తుప్పు పడుతుంది. "మరి మోటార్ సైకిల్ డిస్కు తుప్పు పట్టదే?" అంటారా? అవి ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలువి. కారు బరువుకి పుట్టే వేడిని బయటికి పంపడంలో పోత ఇనుమే మేలు కాబట్టి కార్లకి అది వాడతారు. రంగు వేద్దామంటే, ప్యాడు రాసుకునేచోట రంగు నిలవదు. కాబట్టి డిస్కుని తుప్పునుంచి కాపాడేది ఒక్కటే, రోజూ బ్రేకు వేయడం. ప్యాడు రాసుకుని నిన్నటి తుప్పుని ఇవాళ తుడిచేస్తుంది. పని చేయడమే దానికి స్నానం.

మరి వెనక చక్రాలకే ఎందుకు ఎక్కువ? బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకి ఒరుగుతుంది. అందుకని మామూలు కార్లలో ఆపే పని డెబ్భైశాతం దాకా ముందు చక్రాలదే. వెనకవాటికి గట్టిగా బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుని బండి పక్కకి తిరిగిపోతుంది కాబట్టి, వాటికి కావాలనే తక్కువ వాటా ఇస్తారు. మెల్లిగా, ముందుచూపుతో నడిపే పెద్దమనుషుల కార్లలో వెనక బ్రేకులకి పనే ఉండదు. పనిలేని ఇనుముకి తుప్పు. పైగా ముందు చక్రాలు లేపిన బురదనీళ్ళు వెళ్ళి పడేది వెనకే.

దానికి తోడు మా ఊళ్ళో ఉప్పు. డెట్రాయిట్ ఊరి కింద సుమారు 1,200 అడుగుల లోతున ఉప్పుగని ఉంది. నవంబరునుంచి మార్చిదాకా మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతూనే ఉంటారు. ఉప్పునీరు విద్యుత్తుని బాగా ప్రసరింపజేస్తుంది, తుప్పు అనేదే ఇనుముమీద జరిగే చిన్న చిన్న విద్యుత్ రసాయన చర్య కాబట్టి దాని వేగం పెరుగుతుంది. పైగా ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది కాబట్టి డిస్కు ఓ పట్టాన ఆరదు. లోపలి మొహం వెనక ఒక రేకు కవచం ఉంటుంది, బురద పడకుండా. ఆ కవచానికీ డిస్కుకీ మధ్యన చేరిన ఉప్పు అక్కడే కూర్చుంటుంది. బయటి మొహానికైతే వాన తగులుతుంది, గాలి తగులుతుంది, కార్‌వాష్ నీళ్ళు తగులుతాయి. లోపలి మొహానికి ఇవేవీ సరిగ్గా తగలవు. నేను చూడని వైపే తుప్పు పట్టడం యాదృచ్ఛికం కాదన్నమాట.

ఇంకో సంగతి. ప్యాడు కూర్చునే బ్రాకెట్‌లో పల్చటి స్టీలు క్లిప్పులుంటాయి, ప్యాడు వాటిమీద జారుతుంది. వాటికింద బ్రాకెట్ తుప్పు పడితే, తుప్పు అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి క్లిప్పుని పైకి ఎత్తేస్తుంది. సందు ఇరుకై ప్యాడు బిగుసుకుంటుంది. నాకు జరిగింది ఇదే. డిస్కు తుప్పు రోగలక్షణం. రోగం బ్రాకెట్‌లో ఉంది. ఆ రోజే 780 డాలర్లిచ్చి డిస్కులు మార్పించినా, బ్రాకెట్ గోకకుండా వదిలేస్తే రెండేళ్ళలో మళ్ళీ ఇదే కథ.

ఏ తుప్పుకి భయపడాలి, ఏ తుప్పుకి అక్కర్లేదు

నాకు పూర్తిగా ఎదురు కథ మా మిత్రుడొకడిది. అమెరికా వచ్చిన కొత్తల్లో మూడువారాలు ఇండియా వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చి చూస్తే నాలుగు డిస్కులూ ఇటుకరంగులో ఉన్నాయి. హడలిపోయి తిన్నగా వర్క్‌షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడివాళ్ళు సంతోషంగా నాలుగూ మార్చి, పద్నాలుగు వందలు తీసుకున్నారు. అది పై పొర తుప్పు. వాన పడిన రాత్రి తెల్లారేసరికి ఏ కారుకైనా వస్తుంది. వీధి చివరిదాకా వెళ్ళి నాలుగు బ్రేకులు వేస్తే పోయేది. వాడు అక్కర్లేనిదానికి డబ్బు కట్టాడు, నేను కావలసినదానికి కట్టలేదు. ఇద్దరమూ చేసిన తప్పు ఒకటే - చూడకుండా నిర్ణయించడం.

కాబట్టి నాకు అర్థమైనంతలో లెక్క ఇదీ:

డిస్కంతా సమంగా, పల్చగా, పసుపో ఇటుకరంగో పట్టి ఉంటే అది ఒక పూట తుప్పు. ఖాళీ రోడ్డుమీద నాలుగైదుసార్లు మామూలుకన్నా కాస్త గట్టిగా బ్రేకు వేస్తే పోతుంది. డిస్కు నడిమి టోపీలాంటి భాగం, బయటి అంచు, గాలిసందులు తుప్పు పట్టినా చూడటానికి అసహ్యమే తప్ప సాధారణంగా బ్రేకుకి నష్టంలేదు.

పది పదిహేను మైళ్ళు తిరిగినా పోని మచ్చలు, గీరలు, వేలికి తగిలే గుంటలు, ప్యాడు రాసుకునేచోట పెచ్చులు - ఇవి చెడ్డవి. మెరిసే పట్టీ ప్యాడు వెడల్పుకన్నా సన్నగా ఉంటే అంతకన్నా చెడ్డది, ప్యాడు పూర్తిగా ఆనడంలేదన్నమాట. రెండు మొహాలూ ఒకలా లేకపోయినా, కుడి ఎడమ చక్రాలు ఒకలా లేకపోయినా ఏదో బిగుసుకుందని అర్థం. కొంతదూరం వెళ్ళొచ్చాక ఒక చక్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే (దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకండి) ప్యాడు వదలడంలేదని అర్థం.

"ఉప్పుకాగితంతో రుద్దేస్తే పోదా?" అని నేనూ అనుకున్నాను. పై పొర పోతుంది. గుంటలు పోవు. గుంటలు పోవాలంటే లేత్‌మీద చెక్కించాలి, అలా చెక్కితే మందం తగ్గుతుంది. ప్రతి డిస్కుమీదా కనీసం ఇంత మందం ఉండాలని అంకె అచ్చువేసి ఉంటుంది. నా డిస్కుమీద 8 మిల్లీమీటర్లని ఉంది, కొలిస్తే గుంటలు లేనిచోట 8.4 వచ్చింది. చెక్కడానికి ఏం మిగిలింది? చెక్కించే కూలీ కూడా దాదాపు కొత్త డిస్కు ఖరీదంత. కాబట్టి మార్చడమే.

నేనేం చేశాను

ముందుగా ఒక మాట. బ్రేకు అంటే ప్రాణాలతో పని. చేతకాదనిపిస్తే వదిలేయండి, అందులో సిగ్గు లేదు. నాకు బాబాయి వీడియో కాల్‌లో పక్కనే ఉన్నాడు (బందర్లో రాత్రి పదకొండు, పిన్ని తిడుతూనే ఉంది).

రెండు డిస్కులు, నాలుగు ప్యాడ్లు, కొత్త క్లిప్పులు, గ్రీజు, అన్నీ కలిపి 190 డాలర్లయ్యాయి. ఒక వైపే పాడైనా రెండువైపులా మార్చాలి, లేకపోతే ఎడమ కుడి సమంగా ఆగవు. కారుని ఒట్టి జాక్ మీద వదిలి పనిచేయకూడదు, కింద స్టాండ్లు పెట్టాలి. కాలిపర్ విప్పాక దాన్ని బ్రేకు గొట్టానికి వేలాడదీయకూడదు, తీగతో పైకి కట్టాలి. నా కారుకి ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు, వెనక కాలిపర్‌లోనే చిన్న మోటారుంటుంది. దాన్ని సర్వీసు మోడ్‌లో పెట్టకుండా పిస్టన్‌ని లోపలికి నొక్కితే లోపలి మర విరుగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది 190 డాలర్ల పనిని ఆరువందల పని చేసుకుంటారు.

పాత డిస్కు హబ్‌కి తుప్పుతో అతుక్కుపోయి ఉంది. చుట్టూ తిప్పుతూ రబ్బరు సుత్తితో కొడితే అరగంటకి ఊడింది. ఆ తరవాతదే అసలు పని, అందరూ ఎగ్గొట్టే పని. హబ్ మొహాన్ని తీగ బ్రష్షుతో తెల్లబడేదాకా గోకాలి, లేకపోతే కొత్త డిస్కు వెంట్రుకవాసి వంకరగా కూర్చుని, కొన్నాళ్ళకి బ్రేకు వేస్తే పెడలు అదురుతుంది. బ్రాకెట్‌లో క్లిప్పులు తీసి కింద తుప్పుని ఆకురాయితో గోకాలి. కాలిపర్ జారే పిన్నులు తీసి తుడిచి, వాటికోసం తయారుచేసిన సిలికాన్ గ్రీజే పూయాలి. మామూలు పెట్రోలియం గ్రీజు పూస్తే రబ్బరు తొడుగులు ఉబ్బి, పిన్నులు మళ్ళీ బిగుసుకుంటాయి. డిస్కుమీద తుప్పు పట్టకుండా నూనె రాద్దామన్న ఆలోచన మాత్రం కలలో కూడా రానీయకండి. కొత్త డిస్కుకి కంపెనీవాళ్ళు పూసిన నూనెని కూడా బ్రేక్ క్లీనర్‌తో కడిగేశాకే పెట్టాలి.

అంతా బిగించాక, కారు కదిలించేముందు బ్రేకు పెడలుని గట్టిపడేదాకా పదిసార్లు తొక్కాలి. మొదటి రెండుసార్లు నేలదాకా దిగిపోతుంది. ఇది మర్చిపోయి గేరు వేసినవాళ్ళ గరాజ్ తలుపులు చాలా ఊళ్ళలో ఉన్నాయట! తరవాత ఖాళీరోడ్డులో ఓ పదిసార్లు వేగం పెంచి, పూర్తిగా ఆపకుండా తగ్గించి, మధ్యలో చల్లారనిచ్చి, ప్యాడ్లని కుదురుకోనివ్వాలి. మొత్తం ఆరుగంటలు పట్టింది. వర్క్‌షాపులో గంటన్నర పని అది. 590 డాలర్లు మిగిలాయని చంకలు గుద్దుకోలేదు. అక్టోబరులోనే లోపలి మొహం చూసి ఉంటే, ప్యాడు విడదీసి గ్రీజు పూస్తే సరిపోయేదేమో కూడా.

నా గోడు

ఇప్పుడు అసలు చెప్పదలుచుకున్నది. తప్పు నాది, ఒప్పుకున్నాను. కానీ ఆ వర్క్‌షాపుది ఏమీ లేదా? ఉంది. వాళ్ళు నిజం చెప్పారు, కానీ చూపించలేదు. కారు లిఫ్టుమీద ఉండగా నన్ను లోపలికి పిలిచి "ఇదిగో చూడండి" అని లోపలి మొహం చూపించి ఉంటే, లేదా ఫోనులో ఒక్క ఫొటో తీసి ఉంటే, అక్కడికక్కడే సంతకం పెట్టేవాణ్ణి. "తుప్పు పట్టింది, మార్చాలి" అని ఒక వరుస రాసి కింద అంకె వేస్తే, అది నిజమైనా అబద్ధంలాగే ఉంటుంది. నా మిత్రుడికి ఇచ్చిన కాగితంమీదా అదే వరుస ఉంది మరి! నిజమైన హెచ్చరికా, అమ్ముడు మాటా ఒకే భాషలో వస్తే వినేవాడు రెంటినీ కొట్టిపారేస్తాడు. రోజుకి వెయ్యి హెచ్చరికలు పంపే సర్వరు మెయిళ్ళని మనమంతా ఒక ఫోల్డర్‌లోకి తోసేసి మర్చిపోమూ? అసలు సర్వరు పడిపోయిన రోజు మెయిలు కూడా ఆ ఫోల్డర్‌లోకే వెళ్తుంది.

ఇలాంటిచోట్ల మధ్యవర్తిగా ప్రభుత్వం ఉండాలని నా అభిప్రాయం. బ్రిటన్‌లో కారుకి మూడేళ్ళు నిండాక ఏటేటా పరీక్ష తప్పనిసరి, జర్మనీలో మొదట మూడేళ్ళకీ తరవాత రెండేళ్ళకోసారీ. మిచిగన్‌లో? సొంత కార్లకి అలాంటి పరీక్షే లేదు. దేశంలోకెల్లా ఎక్కువ ఉప్పు తినే కార్లలో ఇక్కడివీ ఉన్నాయి, అయినా వాటిని ఎవరూ చూడరు. న్యూజెర్సీ 2010లో మామూలు కార్లకి బ్రేకులవంటివాటి తనిఖీ తీసేసి పొగ పరీక్ష మాత్రం ఉంచింది. టెక్సస్ 2025 నుంచి సొంత కార్లకి భద్రతా తనిఖీ ఎత్తేసింది. జనానికి ఖర్చు, తీరుబడి లేదు, కొత్తకార్లు బాగానే ఉంటున్నాయి అన్నది వాదన. సరే, కొత్తకార్లు బాగానే ఉంటాయి. కానీ పాతవి ఎవరి చేతికి వెళ్తాయి? కొత్తగా నేర్చుకునే పిల్లలకి, నిన్ననే దిగిన విద్యార్థులకి, రెండువేల డాలర్లకి మూడో చేతి కారు కొన్నవాళ్ళకి. వాళ్ళ తరఫున చక్రం ఊడదీసి చూసేవాడు ఎవడు? తనిఖీ పేరుతో లంచాలూ, స్టిక్కరుకి పది డాలర్లూ తీసుకునేవాళ్ళు ఉండొచ్చు. దానికి మందు తనిఖీని బాగుచేయడం, తీసేయడం కాదు.

ఇది ముందుముందు పెరిగే సమస్యేగానీ తగ్గేది కాదు. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో ఆపే పని చాలావరకు మోటారే చేసి, ఆ శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. ప్యాడు డిస్కుని తాకేదే అరుదు. ప్యాడ్లు లక్ష మైళ్ళు వస్తాయని మురిసిపోయేలోపు డిస్కు తుప్పుతో పోతుంది. ఫోక్స్‌వ్యాగన్ 2020లో తెచ్చిన ఐడి.3కి వెనక మళ్ళీ పాత డ్రమ్ములే పెట్టింది, మూసి ఉంటాయి కాబట్టి తుప్పు బాధ తక్కువని. చాలామంది "ఇంత డబ్బుపోస్తే డ్రమ్ములా!" అని వెక్కిరించారు. నాకు మాత్రం ఇప్పుడు అదే తెలివైన పని అనిపిస్తోంది. పనికి తగ్గ పనిముట్టు.

మన ఊళ్ళో ఉప్పు చల్లరు కదా అని నిశ్చింతగా ఉండకండి. విశాఖ, కాకినాడ, బందరు - సముద్రంగాలి ఉన్నచోట ఉప్పు గాల్లోనే ఉంటుంది. మనదగ్గర చిన్నకార్లకి ఎక్కువగా వెనక డ్రమ్ములే కాబట్టి ఇన్నాళ్ళు ఈ గొడవ తెలియలేదు. ఇప్పుడు నాలుగు చక్రాలకీ డిస్కులు అని గొప్పగా అమ్ముతున్నారు. ఇంకోటి, మనలో చాలామంది అమ్మానాన్నలకి ఒక కారు కొనిచ్చి వచ్చాం. అది అపార్టుమెంటు సెల్లారులో గుడ్డ కప్పుకుని ఉంటుంది. నాన్నగారు వారానికోసారి దిగి, ఇంజను పదినిమిషాలు ఆన్ చేసి, "బండి కండిషన్లో ఉందిరా" అని చెబుతారు. మా నాన్నా అదే చేస్తారు. నిలబెట్టి ఇంజను తిప్పితే బ్రేకులకి ఒరిగేదేమీ లేదు. పైగా హ్యాండ్ బ్రేకు వేసి నెలలతరబడి వదిలేస్తే ప్యాడు డిస్కుకి, డ్రమ్ములో అయితే లైనింగు డ్రమ్ముకి అతుక్కుపోతుంది. పదినిమిషాలు నిలబెట్టేబదులు అయిదు కిలోమీటర్లు తిప్పి, దారిలో నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేసి రమ్మనండి. చాలారోజులు వదిలేయాల్సొస్తే, చదునుగా ఉన్నచోట గేరులో పెట్టి, చక్రాలకి అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేయమనండి. కడిగిన వెంటనే పార్కు చేయొద్దనండి, ఒక చుట్టు తిరిగి బ్రేకులు ఆరనిచ్చి పెట్టమనండి.

నేనైతే ఇప్పుడు రెండు పద్ధతులు పెట్టుకున్నాను. ఒకటి, ఏడాదికోసారి, ఉప్పుకాలం అయిపోయాక ఏప్రిల్లో, చక్రాలు విప్పి రెండు మొహాలూ చూడటం, పిన్నులకి గ్రీజు పూయడం. రెండోది, వర్క్‌షాపులో ఎవరేం చెప్పినా "అవును" అనీ "కాదు" అనీ వెంటనే అనకపోవడం. "చూపిస్తారా?" అని అడగడం. మందం ఎంతుంది, డిస్కుమీద రాసిన అంకె ఎంత, లోపలి ప్యాడు ఎంత, బయటి ప్యాడు ఎంత. ఈ నాలుగూ అడిగితే, మంచి మెకానిక్ సంతోషంగా చూపిస్తాడు. చూపించనివాడి దగ్గర ఆయిలు కూడా మార్పించక్కర్లేదు. దొంగని పట్టడానికైనా, నిజాయితీపరుణ్ణి నమ్మడానికైనా పనికొచ్చే ప్రశ్న ఇదొక్కటే.

మే నెలలో ఆ వర్క్‌షాపుకి మళ్ళీ వెళ్ళాను, ఇంకో కారు ఆయిలుకి. అదే కుర్రాడున్నాడు. "అక్టోబరులో మీరు చెప్పింది నిజమే, నేనే వినలేదు" అన్నాను. అతనికి నేను గుర్తులేను, అయినా నవ్వాడు. "రోజుకి పదిమందికి చెబుతాం, తొమ్మిదిమంది వద్దనే అంటారు" అన్నాడు. "పదోసారి ఫొటో తీసి చూపించి చూడండి" అన్నాను. ఏమనుకున్నాడో తెలియదు.

మా అమ్మాయి ఇప్పుడు బాగానే నడుపుతోంది. పోయినవారం ఎక్కబోతూ కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి వెనక చక్రంలోకి చూసింది. "మెరుస్తోంది నాన్నా" అంది. "ఏ వైపు?" అన్నాను.